జ్యేష్ఠత్వము, శ్రేష్ఠత్వము

జ్యేష్ఠమైనదే శ్రేష్ఠమా, ఉన్నతకులమున పుట్టినదే ఉత్తమమా, లేక చేయవలసిన పనికి తగియుండుటయే యోగ్యతయా అను విచారము మన తార్కికులకును మీమాంసకులకును చిరపరిచితము. ఆ విచారమే నేడు కంప్యూటరు అంగడిలో, చేత స్వల్పధనముతో నిలిచిన విద్యార్థి ముందుకు వచ్చుచున్నది. ఒకవైపున 2012లో వెలువడిన ఇంటెల్ జియాన్ ఈ5-2670 అను సర్వరు ప్రాసెసరు. రెండవవైపున 2022 జనవరిలో వచ్చిన కోర్ ఐ3-12100ఎఫ్, ఆ కుటుంబమున మిక్కిలి చౌకశ్రేణికి చెందినది. మొదటిది పుట్టినప్పుడు 1,552 డాలర్లు పలికి, పెద్ద పెద్ద గణనకేంద్రములు తమ పాతయంత్రములను విసర్జించిన పిమ్మట, 2016 నాటికే నూరు డాలర్లకు దిగువకు వచ్చినది. రెండవది పుట్టుకతోనే నూరు డాలర్లకు లోబడినది. వెల సమీపించినందుననే సంశయము పుట్టినది.

పూర్వపక్షి వాదము బలహీనమైనది కాదు. జియానునకు ఎనిమిది కోర్లు, పదునాఱు థ్రెడ్లు, ఇరువది మెగాబైట్ల క్యాషు, మెమరీకి నాలుగు మార్గములు. ఐ3కి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, పండ్రెండు మెగాబైట్ల క్యాషు, రెండే మార్గములు. సంఖ్యయందును పరిమాణమునందును పెద్దదియై, రాజగృహములవంటి సర్వరుశాలలలో కొలువు చేసి వచ్చినదానిని కాదని, కనిష్ఠశ్రేణిలో పుట్టినదానిని ఏల కొనవలెనని అతడు ప్రశ్నించును.

మొదట కులమును గూర్చి చెప్పెదను. ఈ5-2670 యే నమూనా సిలికాను నుండి తీయబడినదో, గృహస్థులకై అమ్మిన కోర్ ఐ7-3930కె కూడ ఆ నమూనానుండియే తీయబడినది. ఎనిమిది కోర్లలో రెండింటిని మూసివైచి, మిగిలిన ఆఱింటితో దానిని వేఱు పేర విపణికి పంపిరి. మన ఐ3 పేరు చివరనున్న ‘ఎఫ్’ అను అక్షరమును అట్టిదే. చిత్రములను చూపు గ్రాఫిక్సు భాగము దానియందు పనిచేయకుండ మూయబడినదని దాని తాత్పర్యము. పుట్టిన పిమ్మట పరీక్షించి, విపణి యవసరమును చూచి పెట్టిన పేరును మనము జన్మసిద్ధమైన మహిమగా భావించుచున్నాము. మనుష్యుని కులముతో కొలుచుట పాపమని నా దృఢవిశ్వాసము. యంత్రమును అట్లు కొలుచుట పాపము గాకున్నను సత్యమునకు దూరమైన కొలతయే.

ఇక జ్యేష్ఠత్వము. మన ఆంధ్రుడని ప్రసిద్ధి గాంచిన అన్నంభట్టు తర్కసంగ్రహమున పరత్వాపరత్వములను ఇరువదినాలుగు గుణములలో చేర్చి, అవి దిక్కుచేతను కాలముచేతను రెండు విధములని విభజించెను. పెద్దవానియందు కాలకృతమైన పరత్వము, చిన్నవానియందు అపరత్వము. అయితే ఈ గుణములు అపేక్షాబుద్ధినుండి, అనగా ఒకదానితో మఱొకదానిని సరిచూచు తలంపునుండి పుట్టునని వైశేషికుల మతము. రెండవ వస్తువు తలపున లేనిచో పాతదియు లేదు, క్రొత్తదియు లేదు. కావున పాతదనుట నిందయు కాజాలదు, క్రొత్తదనుట స్తుతియు కాజాలదు.

అట్లయిన శ్రేష్ఠత్వమంతయు చూచువాని బుద్ధియందే యున్నదని, దేని స్థానమున అది గొప్పదేయని చెప్పి ఊరకుండవచ్చునా? అది విచారమును తప్పించుకొను మార్గమని నేననుకొందును. కర్మ యెట్టిదో తెలిసినచో, దానికి ఏది తగునో నిర్ణయింపవచ్చును. జైమిని తన మీమాంసాసూత్రముల ఐదవ అధ్యాయమున క్రమమును, ఆఱవ అధ్యాయమున అధికారమును విచారించెను. ఏ అంగము ముందు, ఏది పిమ్మట అని తేలిన తరువాతనే, ఎవడు దానికి అర్హుడన్న ప్రశ్న వచ్చుట నాకు ఎంతయు సమంజసముగ తోచును.

క్రమమే ఇచ్చట కీలకము. మొదటి అంగము ముగియనిదే రెండవది ఆరంభింపరాని కర్మయందు ఋత్విక్కులెందఱు కూర్చున్నను త్వర కలుగదు. గణనకును ఇదే నియమమని 1967లో జీన్ ఆమ్డాల్ నిరూపించెను: పనిలో సగము వరుసగానే జరుగవలసినదైనచో, కోర్లను వేయి చేర్చినను మొత్తము వేగము రెట్టింపును దాటనేరదు. విద్యార్థి చేయు పనులలో పెక్కులు, బ్రౌజరులో పుట తెఱచుట, ఆట యాడుట, తాను వ్రాసిన చిన్న ప్రోగ్రామును నడుపుట, ఇట్టి వరుసక్రియలే. జియాను ఒక కోరును 3.3 గిగాహెర్ట్‌జుల వఱకు, ఐ3 తన కోరును 4.3 వఱకు పరుగెత్తించును. ఈ భేదము ముప్పది శాతమే యైనను, గడియారపు ప్రతి టిక్కునందును క్రొత్తది చేయు పని అధికమగుటచే, ఒక్క థ్రెడ్డు పనిలో అది రెట్టింపునకు మించిపోవును. కోర్లన్నియు కలిసి పనిచేయునప్పుడును ఈ నాలుగు, ఆ ఎనిమిదింటికి తీసిపోవు. అంతేకాదు, 2013లో వచ్చిన ఏవీఎక్స్-2 ఆదేశములు జియానుకు తెలియనే తెలియవు; వానిని కోరు సాఫ్టువేరు కొన్ని దానిపై నడువనే నడువదు. 115 వాట్ల నిర్దేశము గల ప్రాసెసరును ఇట్టి పనులకై వెలిగించుట, సోలెడు బియ్యము వండుటకు పెండ్లివారి గాడిపొయ్యి రాజవేయుట వంటిది. ఐ3కి నిర్దేశించిన మూలశక్తి 58 వాట్లు మాత్రమే, పూర్తివేగమున 89.

అయినను జియాను నెఱిగినవారు దాని వేగమును కాక దాని స్మృతిని కొనియాడుదురు. అన్నంభట్టు స్మృతిని యథార్థమని, అయథార్థమని విభజించినాడు. సర్వరు ధర్మమంతయు ఆ మొదటిదానిని కాపాడుటయందున్నది. మెమరీలో ప్రతి 64 బిట్లకు తోడుగ ఎనిమిది బిట్లు సాక్షులవలె నిలిచి, ఏ విద్యుద్దోషముచేతనో ఒక బిట్టు తాఱుమాఱైనచో సరిదిద్దును, రెండు తాఱుమాఱైనచో దోషమున్నదని తెలుపును. బ్యాంకు లెక్కలో ఒక్క బిట్టు చెడిన యొకని సొమ్ము మాఱిపోవును గదా! ఈసీసీ అను ఈ సౌకర్యము సామాన్యగృహయంత్రముల బోర్డులలో పెక్కింట దొరకదు. అప్రమత్తతయు గుణమే, పరుగును మాత్రమే కొలుచువారు దీనిని విస్మరించుట నాకు బాధాకరముగ నుండును.

కావున ఇంట చదువుకొను విద్యార్థి క్రొత్త ఐ3నే కొనవలెను. పాతదాని కోర్లను లెక్కించి మోసపోరాదు. పదులకొలది వర్చువల్ మెషీన్లను నడిపి సర్వరువిద్య నేర్వగోరువానికి, ఎడతెగక దత్తాంశమును భద్రపఱచువానికి మాత్రము జియానునందు అధికారము నేటికిని నశింపలేదు: ఐ3 మెమరీ 128 గిగాబైట్లతో ఆగిపోవును, జియాను ఒక్కటియే 384 గిగాబైట్ల వఱకు మోయును, తగిన బోర్డుపై రెండవ జియానునకును చోటుండును.