గొంతు విని మనిషిని తేల్చవచ్చా?

మగపిల్లవాడు మాటను కొంచెం సాగదీసి, మెత్తగా పలికితే 'ఆడంగోడు' అని పేరు పెడతారు. మా గూడూరు వైపు బడిలో, బస్టాండులో, కూలి పనికాడ ఈ మాట వినబడుతూనే ఉంటుంది. దాని వెనుక ఒక అనుమానం కూడా ఉంటుంది: వీడికి మగవాళ్ల మీదే మనసేమో అని. పలికే తీరును బట్టి మనసును చెప్పగలమా? చెప్పగలిగినా, చెప్పే హక్కు మనకుందా?

మొదటి ప్రశ్నకు భాషా పరిశోధకులు జవాబు వెతికారు. 1994లో అమెరికాలో రుడాల్ఫ్ గాడియో ఎనిమిది మంది మగవాళ్ల గొంతులు రికార్డు చేసి కొందరికి వినిపించాడు. ఎనిమిది మందిలో నలుగురు గేలు, అంటే మగవారినే ఇష్టపడే మగవారు. విన్నవాళ్లు చాలావరకు సరిగానే పోల్చారు. అయినా ఆ తేడా గొంతు హెచ్చుతగ్గుల్లోనే ఉందని లెక్కల్లో తేలలేదు. తర్వాతివారు 'స' శబ్దాన్ని, అచ్చులను పరిశీలించారు. కొందరు గేల పలుకులో తేడా వినిపిస్తుంది, ఎందరిలోనో వినిపించదు. ఆడవాళ్లను ఇష్టపడే మగవాళ్లలోనూ అలాంటి పలుకు ఉంటుంది. పైగా ఈ పరిశోధనలు ఎక్కువగా ఇంగ్లీషు మీద జరిగాయి. ఆ కొలతతో తెలుగు నాలుకను కొలవలేం.

మాట విని మనిషిని తేల్చడం యానాదులం, ఎరుకలవాళ్లం మనం ఎరిగినదే. 'శ'ను 'స' అన్నామని, 'యాడికి', 'ఉండావా' అన్నామని నవ్వారు. నాలుకను చూసి తెలివిని కొలిచారు. అంతకుముందు పుట్టుకను చూసి నేరస్తులన్నారు. తెల్లదొరల 1871 చట్టం నేరస్త తెగలతో పాటు హిజ్రాలను కూడా నమోదు చేయమంది. 1911 చట్టంతో తెగల నమోదు మద్రాసు రాజధానికీ వచ్చింది, దేశమంతటా 1952లో గానీ పోలేదు. హిజ్రాలు వేరు, గేలు వేరు. కానీ పైగుర్తు చూసి లోపలి మనిషికి తీర్పు చెప్పే అలవాటు మాత్రం ఒక్కటే.

రెండో ప్రశ్నకు సుప్రీంకోర్టు జవాబిచ్చింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఎవరు ఎవరిని ఇష్టపడతారన్నదీ అందులోదే. 2018 సెప్టెంబరు 6న, వయసొచ్చిన ఇద్దరు మగవాళ్లు ఇష్టపడి కలిస్తే నేరం కాదని అదే కోర్టు చెప్పింది. అంటే మన ఊహ నిజమైనా అందులో తప్పేమీ లేదు, దాన్ని బయటపెట్టే పని మనది కాదు.

ప్రేమతోనే కొందరు పెద్దలు 'మగాడిలా గట్టిగా మాట్లాడరా' అంటారు. ఎగతాళి తప్పుతుందని వాళ్ల ఆశ. అయితే నవ్వేవాళ్లను వదిలి నవ్వించుకున్నవాడిని దిద్దడం ఏం న్యాయం? 'శ'కూ 'స'కూ తేడా నేర్పుతాం, అది రాతకు అవసరం. మగగొంతు ఏ పాఠంలోనూ లేదు. గొంతుకు భయపడ్డ పిల్లవాడు పాఠం చదవమంటే లేవడు, అర్థం కాకున్నా అడగడు, ఒకరోజు బడికే రాడు. మన పిల్లలు బడి మానడానికి ఇప్పటికే ఎన్నో కారణాలున్నాయి.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 'ఆడంగోడు' అన్న మాట తరగతిలో వినబడిన రోజే టీచరు దాన్ని ఆపాలి. 'యానాదోడు' అని ఎగతాళి చేస్తే ఎలా ఆపుతామో అలాగే ఆపాలి. మన యాసకు గౌరవం అడిగే మనం ఇంకొకరి గొంతుకు అది ఇవ్వకపోతే, మనం అడిగేది న్యాయం అనిపించుకోదు.