బ్రష్షు ఎప్పుడు మార్చాలి? ఒక ధర్మవిచారణ

పళ్లు తోముకునే బ్రష్షును ఎన్నాళ్లకోసారి మార్చాలని అడిగితే దంతవైద్యులు ఒక్క మాటలో తేల్చేస్తారు. మూడు నాలుగు నెలలకోసారి మార్చాలి, కుచ్చు అంతకంటే ముందే విచ్చుకుపోతే అప్పుడే మార్చాలి. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ సలహా కూడా ఇదే. ఆరోగ్యం వరకు ఈ జవాబు చాలు. అయితే ఈ చిన్న పనిలో రెండు ధర్మాలు ఎదురెదురుగా నిలబడతాయి. పతంజలి యోగసూత్రాల రెండో పాదంలో యమాల జాబితా అహింసతో మొదలై అపరిగ్రహంతో ముగుస్తుంది. నియమాల జాబితా శౌచంతో మొదలవుతుంది. శుభ్రంగా ఉండమని శౌచం అడుగుతుంది. ఎవరికీ కీడు చేయవద్దని, అవసరానికి మించి పోగుచేసుకోవద్దని అహింస, అపరిగ్రహం అడుగుతాయి. మూడు నెలల లెక్కన ఒక మనిషి ఏడాదికి నాలుగు, అరవై ఏళ్లలో 240 బ్రష్షులు పారేస్తాడు. ఆ ప్లాస్టిక్ పిడి, నైలాన్ కుచ్చు అతని మనవల కాలానికి కూడా మట్టిలో కలవవు. నా శుభ్రత కోసం లోకం మీద ఎంత భారం మోపవచ్చు అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. వస్తువు తన పని చేయగలిగినంత కాలం దాన్ని కాపాడుకోవడం, చేయలేనప్పుడు సంకోచం లేకుండా వదిలేయడం, వదిలిన తర్వాత అది ఎక్కడికి చేరుతుందో పట్టించుకోవడం, ఈ మూడూ కలిస్తేనే శౌచం పూర్తవుతుందని నా వాదన.

వేప పుల్లతోనో కానుగ పుల్లతోనో పళ్లు తోముకున్న కాలంలో ఈ ప్రశ్నకు చోటే లేదు. పందుంపుల్ల ఏ పూటది ఆ పూటకే. నమిలి, తోముకొని, రెండుగా చీల్చి నాలుక గీసుకొని పడేస్తే నేల దాన్ని తనలో కలుపుకునేది. అయినా మన ప్రాచీనులు ఆ పుల్ల విషయంలో ఎంత శ్రద్ధ చూపారో గమనించాలి. చరకసంహిత సూత్రస్థానం రోజుకు రెండు పూటలా దంతధావనం చేయమంటుంది, పుల్ల కొసను నలగగొట్టి చిగుళ్లకు నొప్పి కలగకుండా తోముకోమంటుంది. వాగ్భటుడి అష్టాంగహృదయం పుల్ల చిటికెన వేలి కొసంత లావు, పన్నెండు అంగుళాల పొడవు ఉండాలంటుంది. ఆ అంగుళం వేలి వెడల్పును బట్టి వేసిన కొలత. బౌద్ధుల వినయపిటకంలో బుద్ధుడు భిక్షువులకు దంతకాష్ఠాన్ని అనుమతిస్తూ, దాన్ని వాడకపోతే కలిగే అయిదు నష్టాలు చెబుతాడు. నోటి దుర్వాసన, రుచి తెలియకపోవడం వాటిలో ఉన్నాయి. పుల్ల ఎనిమిది అంగుళాలు మించరాదని, నాలుగు అంగుళాలకు తగ్గరాదని హద్దు కూడా పెట్టాడు. మరీ పొడవైతే దుర్వినియోగం అవుతుంది, మరీ పొట్టిదైతే గొంతులోకి జారుతుంది. ఇస్లాంలో మిస్వాక్ అనే పళ్లపుల్ల వాడకం ప్రవక్త మెచ్చిన ఆచారం. అయితే జనానికి కష్టమవుతుందన్న దయతోనే ఆయన దాన్ని ప్రతి నమాజుకూ విధిగా చేయలేదని హదీసులు చెబుతాయి. మిస్వాక్ కొస అరిగిపోతే ఆ మేరకు కోసేసి, కొత్త కొసను నమిలి వాడుకుంటారు. ఇన్ని సంప్రదాయాలూ పనిముట్టును దాని పనిని బట్టి, ఒంటికి చేసే మేలును బట్టి కొలిచాయి.

అంతకంటే లోతైన సాక్ష్యం మరొకటి ఉంది. ధర్మశాస్త్ర సంప్రదాయం పాడ్యమి, షష్ఠి, నవమి, అమావాస్య వంటి తిథుల్లో పుల్లతో పళ్లు తోముకోవద్దని, ఆ రోజు పన్నెండు మార్లు నీళ్లు పుక్కిలిస్తే చాలని చెప్పింది. విష్ణుపురాణం అమావాస్య నాడు మొక్కను తుంచడాన్ని మహాపాపంగా లెక్కిస్తుంది. ఈ తిథి నియమాల వెనుక ఉన్న నమ్మకాన్ని ఈనాటి పాఠకుడు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. వాటిలో దాగిన వివేకాన్ని మాత్రం తోసిపుచ్చలేం. నా నోరు శుభ్రంగా ఉండాలన్న కోరికకు చెట్టు ప్రాణం ఒక హద్దు గీస్తోంది. ఆ ఒక్కరోజు శౌచం మరో దారి వెతుక్కోవాలి, నీళ్లతో సరిపెట్టుకోవాలి. యమాలను జాతి, దేశ, కాల, సందర్భాల పరిమితి లేని మహావ్రతంగా పతంజలి చెప్పడంలోనూ ఇదే వరస కనిపిస్తుంది. శౌచం గొప్పదే, కానీ అది అహింసను దాటి వెళ్లకూడదు.

ఇక మైల అన్న భయాన్ని చూద్దాం. వాడిన బ్రష్షు మీద సూక్ష్మజీవులు పెరుగుతాయన్నది నిజం. ఆ మాట వినగానే నెల తిరగకుండా బ్రష్షు పారేయాలని కొందరికి అనిపిస్తుంది. కానీ ఆ సూక్ష్మజీవులలో ఎక్కువ భాగం మన నోట్లో నిత్యం ఉండేవే. ఆరోగ్యంగా ఉన్న మనిషికి తన బ్రష్షు మీది సూక్ష్మజీవుల వల్లే జబ్బు వస్తుందనడానికి తగిన ఆధారాలు లేవు. అందుకే వైద్యులు చెప్పే జాగ్రత్తలు సాదాగా ఉంటాయి. తోముకున్నాక బ్రష్షును బాగా కడగాలి, నిలువుగా పెట్టి గాలికి ఆరనివ్వాలి, తడి బ్రష్షును డబ్బాలో మూసిపెట్టకూడదు, ఒకరి బ్రష్షు మరొకరు వాడకూడదు. మనుస్మృతి అయిదో అధ్యాయంలోని ద్రవ్యశుద్ధి ప్రకరణం వస్తువుల గురించి ఇదే క్రమంలో ఆలోచిస్తుంది. లోహపాత్రకు బూడిద, పులుపు, నీళ్లు చెబుతుంది. మట్టిపాత్రను మళ్లీ కాలిస్తే శుద్ధి అవుతుందంటుంది. అలా కాల్చినా శుద్ధికాని స్థితికి చేరిన పాత్ర గురించి ఆ తర్వాతే మాట్లాడుతుంది. ఏ పదార్థాన్ని ఎలా శుభ్రం చేయాలన్నది మొదటి ప్రశ్న, పారేయడం ఆఖరిది. మైల పేరు చెప్పి పనికొచ్చే వస్తువును పారేయడాన్ని శాస్త్రమూ సమర్థించదు, వైద్యమూ సమర్థించదు.

మూడు నెలల మాట బ్రష్షులు అమ్ముకునేవాళ్లకు లాభం కాబట్టి దాన్ని నమ్మనక్కర్లేదని కొందరు వాదిస్తారు. అమ్మేవాడికి లాభమైనంత మాత్రాన మాట అబద్ధం కాదు, నిజం కూడా కాదు. దాని వెనుక కారణాన్ని చూడాలి. కుచ్చు విచ్చుకొని వంగిపోయినప్పుడు దాని కొసలు పంటికీ చిగురుకూ మధ్య సందులోకి చేరలేవు, అక్కడ పాచి మిగిలిపోతుంది. ఇది కళ్లతో చూసి తేల్చుకోగల సంగతి. గట్టిగా అదిమి తోమేవారి బ్రష్షు, నమిలే అలవాటున్న పిల్లల బ్రష్షు మూడు నెలలకు ముందే పాడవుతాయి. తేలిక చేతితో తోముకునేవారిది కొంతకాలం ఎక్కువే నిలబడవచ్చు. కాబట్టి మూడు నెలలన్నది ఆగి చూడమని గుర్తుచేసే గడువు. ఆ రోజున బ్రష్షును వెలుతురులో పట్టి చూడాలి, చూసినదాన్ని బట్టి నడుచుకోవాలి. శౌచఫలాల్లో మనసు నిర్మలం కావడంతో పాటు ఏకాగ్రతను కూడా పతంజలి చెప్పాడు. చూడకుండా మార్చేయడంలోనూ ఆ ఏకాగ్రత లేదు, చూడకుండా వాడుతూ పోవడంలోనూ లేదు.

దీనికి ఎదురుగా మరో వాదన వస్తుంది. వాడినంత కాలం వాడటమే అపరిగ్రహం, పొదుపే పుణ్యం, ఏడాదైనా అదే బ్రష్షుతో గడిపేవారిని ఎందుకు తప్పుపట్టాలి అని. ఇక్కడ వినయపిటకంలోని బుద్ధుడి శిష్యుడు ఆనందుడి కథ దారి చూపుతుంది. కౌశాంబి రాజు ఉదయనుడి అంతఃపుర స్త్రీలు ఆనందుడికి అయిదు వందల వస్త్రాలు దానం చేస్తారు. ఇన్ని వస్త్రాలు ఏం చేసుకుంటావని రాజు అడుగుతాడు. చీవరాలు చినిగిన భిక్షువులకు పంచుతానని, ఆ పాత చీవరాలతో పరుపు గలీబులు చేస్తామని, అవి పాతబడితే నేల మీద పరుస్తామని, తర్వాత కాళ్లు తుడుచుకునే గుడ్డలు, ఆ తర్వాత దుమ్ము దులిపే గుడ్డలు అవుతాయని, చివరకు ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల అలుకుతామని ఆనందుడు వివరిస్తాడు. ఇందులో చినిగిన చీవరాన్నే కట్టుకు తిరగమని ఎక్కడా లేదు. ఒక పనికి పనికిరానిది ఇంకో పనికి వెళుతుంది, ఏదీ వృథా పోదు. అరిగిన బ్రష్షు పంటికి పనికిరాకపోయినా వెండి కుందుల నగిషీల్లో మసి తీయడానికి, గ్యాస్ పొయ్యి బర్నర్ శుభ్రం చేయడానికి, సైకిల్ చైను కడగడానికి పనికొస్తుంది. మన ఇళ్లలో ఈ అలవాటు ఇంకా బతికే ఉంది, దాన్ని పిసినారితనంగా చూడకూడదు. కానీ విచ్చుకుపోయిన కుచ్చుతో చిగుళ్లను గీసుకుంటూ ఉండటం ఒంటి పట్ల అశ్రద్ధ. దానికి అపరిగ్రహం అన్న పేరు చెల్లదు.

పూర్తిగా మానేస్తే పోదా అని ఇంకొకరు అడగవచ్చు. దిగంబర జైన మునుల ఇరవై ఎనిమిది మూలగుణాల్లో దంతధావనం చేయకపోవడం కూడా ఒకటి. దేహాభిమానాన్ని వదులుకునే ఆ వ్రతం ముందు తల వంచాల్సిందే. అయితే అది సర్వసంగ పరిత్యాగికి సంబంధించినది, గృహస్థుకు ఎవరూ విధించలేదు. పిల్లలకు అన్నం కలిపి పెట్టే, పదిమందితో మాట్లాడి బతకాల్సిన మనిషికి నోటి శుభ్రత ఇతరుల పట్ల కర్తవ్యం కూడా. మళ్లీ అందరం వేప పుల్లకే వెళదామన్న మాట వినడానికి బాగుంటుంది. కానీ నగరాల్లోని కోట్ల మంది రోజూ ఒక పుల్ల విరిస్తే వీధి చెట్లు నిలుస్తాయా? చెట్టును విరవడానికి తిథులు పాటించిన పెద్దలు ఆ ప్రశ్న తప్పక అడిగేవారు. పెరట్లో చెట్టున్నవారు పుల్ల వాడుకోవచ్చు, మిగిలినవారికి బ్రష్షు తప్పదు. పుల్ల నుంచి మనం నేర్చుకోవాల్సింది వస్తువు చివరికి ఎక్కడ కలుస్తుందో తెలిసి వాడటం.

1938లో నైలాన్ కుచ్చు బ్రష్షు అమెరికా బజారులోకి వచ్చింది. అంతకుముందు పంది వెంట్రుకలతో చేసినవే ఎక్కువ. నైలాన్ చవక, వాడకానికి అనువు, ఎక్కువమందికి అందింది, అది మేలే. కానీ దాని ముగింపును ఎవరూ ఆలోచించలేదు. వెదురు పిడి బ్రష్షు కొన్నా కుచ్చు చాలావరకు నైలానే. దాన్ని పట్టకారుతో పీకి విడిగా వేస్తేనే పిడి మట్టిలో కలుస్తుంది. తయారుచేసేవారు ఈ బాధ్యతలో పాలు పంచుకోవాలి, పురపాలక సంఘాలు పాత బ్రష్షులను విడిగా సేకరించాలి. అంతవరకు మన వంతు మనం చేయాలి. బ్రష్షు మొదలుపెట్టిన తేదీని గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. మూడు నెలలకు కుచ్చును పరిశీలించండి. విచ్చుకొని ఉంటే ఆ రోజే మార్చండి, బాగుంటే ఇంకొన్నాళ్లు వాడండి, నాలుగు నెలలు మాత్రం దాటనివ్వకండి. మార్చిన పాతదాన్ని ఇంకో పనికి వాడి, ఆ తర్వాతే పొడి చెత్తలో వేయండి.