ఒక్కరి సంపాదనతో ఇల్లు నడుపుట

ధ్యానభాగము: 2 రాజులు 4:1–7



మన సంఘములలో అనేక కుటుంబములు ఒక్కరి సంపాదనమీద నడుచుచున్నవి. తండ్రి తాపీపనికో ఆటో తోలుటకో పోవును; కొన్ని యిండ్లలో తల్లి ఒక్కతే ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి అందరిని పోషించును. తక్కిన నలుగురైదుగురు ఆ రాబడివైపే చూచుచుందురు. పాస్టరు ఇల్లును అట్టిదే గనుక ఈ సంగతి మాకును బాగుగా తెలియును.

పై భాగములో ఒక విధవరాలిని చూచుచున్నాము. ఆమె భర్త దేవునికి భయపడినవాడే, అయినను అప్పు మిగిల్చి చనిపోయెను. భక్తిగల యింట అప్పుండదని తలంచువారు ఈ భాగమును మరల చదువవలెను. అప్పిచ్చినవాడు ఆమె కుమారులిద్దరిని దాసులుగా తీసికొనిపోవ వచ్చినప్పుడు ఆమె ఎలీషాయొద్ద మొరపెట్టెను. ప్రవక్త ఆమెకు డబ్బు ఇయ్యలేదు. ఇంటిలో ఏమున్నదని అడిగెను. ఆమె మొదట ఏమియు లేదని చెప్పి, పిమ్మట కొంచెము నూనె ఉన్నదనెను. మనమును అట్లే మాటలాడుదుము. పెరటిలో మునగచెట్టు కాయుచుండగా, చేతిలో కుట్టుపని ఉండగా, ఏమియు లేదనియే అందుము.

నూనె విస్తరించిన తరువాత ప్రవక్త చెప్పిన క్రమమును గమనించుడి. నూనె అమ్మవలెను, అప్పు తీర్చవలెను, మిగిలినదానితో తల్లియు పిల్లలును బ్రదుకవలెను. అద్భుతము జరిగిన యింట కూడ అప్పు తీర్చుటయే ముందు వచ్చినది. మన యిండ్లలో ఈ క్రమము తలక్రిందులగుచున్నది.

డిసెంబరు నెల వచ్చునప్పటికి ఏమి జరుగుచున్నదో చూడుడి. ఇంటిల్లిపాదికి క్రొత్తబట్టలు, గోడలకు రంగు, చుట్టములకు విందు కావలెను. చేతిలో లేదు గనుక నూటికి మూడు రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు తెత్తురు. నెలకు 300 చొప్పున, మరల క్రిస్మస్ వచ్చునప్పటికి 3,600 రూపాయలు వడ్డీక్రిందనే పోవును. అసలు 10,000 కదలక అట్లే యుండును. దానిమీద ఆ యేటి పండుగకు మరియొక అప్పు. రక్షకుడు పశువుల తొట్టిలో పరుండబెట్టబడిన దినమును అప్పుచేసి ఆచరించుట ఎంత వింత!

ఈ తప్పును పేదవారి మీదనే వేయుట న్యాయము కాదు. క్రిస్మస్ ఆరాధనకు రాని యొక యింటికి మేము వెళ్లి అడుగగా, పిల్లలకు క్రొత్తబట్టలు లేవు అయ్యగారూ అని ఆ తల్లి తలవంచుకొని చెప్పినది. సంఘ పెద్దలారా, ఉతికిన పాతబట్టలతో వచ్చిన పిల్లవానిని ముందు చాపమీద కూర్చుండబెట్టుడి. మీరును ఒక పండుగకు పాత పంచె కట్టుకొని రండి; అప్పుడు ఊరిలో చాలమందికి అప్పు తప్పును. కానుక విషయములోను ఒక మాట. వడ్డీకి తెచ్చి కానుక వేయుమని మేము ఎవరిని అడుగము.

అదే పండుగకు నెలకు 850 రూపాయలు ముందుగా దాచినయెడల పండ్రెండు నెలలకు 10,200 అగును. అంత చేతకానివారు పోస్టాఫీసులో నెలకు 100 రూపాయలతోనే అయిదేండ్ల రికరింగ్ డిపాజిట్ తెరువవచ్చును. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారా అమ్మకమును ఎదిరించిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. 1993లో రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. తరువాత ఆ జిల్లా స్త్రీలు పొదుపులక్ష్మి అను పేరుతో గుంపులుగా కూడి, రోజుకొక రూపాయి చొప్పున నెలకు 30 రూపాయలు దాచిరి. వారు కూలిచేసి బ్రదుకువారే. నేడు మన ఊళ్లలో డ్వాక్రా అని పిలుచు సంఘములలో మన సహోదరీలు అనేకులున్నారు. అక్కడ తీసికొన్న అప్పు గేదెకో కుట్టుమిషనుకో పెట్టినయెడల తిరిగి వచ్చుటకు వీలున్నది. పెండ్లి భోజనముల కైతే ఎక్కడనుండి వచ్చును?

ఇక వంటయింటి సంగతి. యేసుప్రభువు అయిదువేలమంది పురుషులను తృప్తిపరచెను. మరల ఎన్ని రొట్టెలైనను పుట్టింపగల ప్రభువు మిగిలిన ముక్కలను ఏరించెను. పండ్రెండు గంపలు నిండినవి. అన్నమును పారబోయువారు ఈ గంపలను తలంచుకొనవలెను. గంజిలో ఉప్పు వేసి పిల్లలకిచ్చిన బలము. నీళ్లు ఒకసారి మరిగిన పిమ్మట మంట పెంచినను అంతకంటె వేడెక్కవు. మూతపెట్టి మంట తగ్గించినయెడల గ్యాసు మరికొన్ని దినములు వచ్చును. కందిపప్పు, మిరపకాయలు, చింతపండు సంక్రాంతి మొదలు వేసవివరకు పంట వచ్చు కాలములో చవుకగా దొరకును. గింజ తీసి ఉప్పు కలిపి జాడీలో పెట్టిన చింతపండు ఏడాది నిలుచును. అంగడిలో అరువు ఖాతా ఉన్నవారు వాడు చెప్పిన ధరకే కొనవలసియుండును. ఇంకొక అంగడికి పోలేరు గదా.

పురుషులారా, ఇల్లాలు ఉల్లిపాయలదగ్గర మిగిల్చినది టీకొట్టుదగ్గర పోవుచున్నదేమో లెక్క చూచుకొనుడి. టీకి, సిగరెట్టుకు, గుట్కాకు రోజుకు 40 రూపాయలైతే నెలకు 1,200. పైని చెప్పిన పండుగ ఖర్చు అందులోనే యున్నది.

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు లూకా 14లో చెప్పెను. శనివారము రాత్రి ప్రార్థన అయిన పిమ్మట భార్యాభర్త లిద్దరును అట్లు కూర్చుండుడి. భర్త తెచ్చినదెంతో భార్యకు తెలియని యిండ్లు మన సంఘములలో ఉన్నవి. ఇది మంచిది కాదు. పిల్లలకును చెప్పుడి. ఆ విధవరాలు తలుపు మూసికొని నూనె పోయుచుండగా పాత్రలు అందించినవారు ఆమె కుమారులే. ఇంటి కష్టము తెలిసిన పిల్లవాడు ఫోను రీచార్జికై పోరుపెట్టడు.

వచ్చు గురువారము స్త్రీల కూటములో ఇంటిలెక్క వ్రాయు విధము చూపింతుము. ఒక పాత నోటుపుస్తకమును, ఈ నెల అంగడి చీటీలను తెచ్చుకొనుడి. చదువురానివారు బడికి పోవు పిల్లను వెంటబెట్టుకొని రావచ్చును. పురుషులును వచ్చినయెడల సంతోషము.