చిరకారి చేసిన ఆలస్యం

ఈ రోజు ధ్యానానికి: మహాభారతం, శాంతిపర్వంలోని చిరకారి కథ

పనిని వెంటనే తేల్చెయ్యాలా, నిదానించాలా అని ధర్మరాజు అడిగితే, అంపశయ్య మీదున్న భీష్ముడు ఒక కుర్రవాడి కథ చెప్పాడు. గౌతమ మహర్షి కొడుకు. ఎంతోసేపు ఆలోచించి గానీ ఏ పనీ చేయడు కాబట్టి చిరకారి అని పేరు పడింది. లోకం మాత్రం బద్ధకస్తుడంది, బుద్ధి తక్కువవాడంది. ఒకనాడు గౌతముడికి భార్య మీద పట్టరాని కోపం వచ్చింది. తల్లిని చంపెయ్యమని కొడుకుతో చెప్పి అడవికి వెళ్లిపోయాడు.

చిరకారి ఆయుధం పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. తండ్రి మాట జవదాటకూడదు. తల్లి మీద చెయ్యెత్తకూడదు. తండ్రి ఎంతటివాడో తలచుకున్నాడు, తల్లి ఎంతటిదో తలచుకున్నాడు. ఎటూ తేలక పొద్దు గడిచిపోయింది. అడవిలో గౌతముడికి కోపం దిగింది. ఎంత పని చెప్పాను, వాడు ఈ ఒక్కరోజైనా తన పేరు నిలబెట్టుకుంటే బాగుండునని ఏడుస్తూ ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. కొడుకు ఆయుధం పక్కన పడేసి కాళ్ల మీద పడ్డాడు. ఇల్లాలు బతికే ఉంది.

ఈ కథ విన్నవాళ్లంతా చిరకారిని మెచ్చుకుంటారు. గౌతముడు అడవికి వెళ్లడం కూడా అంత మంచి పనేనని నాకనిపిస్తుంది. ఆయన అక్కడే నిలబడి ‘అయిందా, ఇంకెంతసేపు’ అని అడుగుతూ ఉండి ఉంటే ఆ పిల్లవాడు ఎంతసేపు తట్టుకునేవాడు? మన ఫోన్లలోని గౌతములు అడవికి వెళ్లరు. రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టి, టిక్కులు నీలం రంగుకి మారాయో లేదో చూస్తూ కూర్చుంటారు.

గౌలిపుర గల్లీల్లోంచి పొద్దున్నే బయలుదేరేవాళ్లలో ఉప్పుగూడలో ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీ దాకా పోయేవాళ్లున్నారు. పత్తర్‌గట్టి బట్టల దుకాణాల్లో పొద్దంతా నిలబడి తానులు విప్పి మడిచేవాళ్లున్నారు. ఇల్లు చేరేసరికి ఒంట్లో సత్తువుండదు. సేఠ్ అన్న మాటో, టీమ్ లీడర్ అన్న మాటో కంచం ముందు కూర్చున్నా చెవిలో మోగుతూనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ పని అలసటకు మూడు గుర్తులు చెప్పింది: సత్తువ హరించుకుపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, చేతిలో పని సాగకపోవడం. మనసు విరిగినవాడికి పక్క సీటువాడి దగ్గు కూడా తనను వెక్కిరించడానికే వచ్చినట్టుంటుంది. మనం ఆఫీసు గొడవలు అనుకునేవాటిలో చాలా వాటికి వేరు ఇక్కడుంది.

కోపమూ వరదలాగే ముంచెత్తుతుంది. వరద ఎలా వస్తుందో మన ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. నిజాం మహబూబ్ అలీ పాషా సింహవాహిని అమ్మవారికి పూజ చేయించాకే నది శాంతించిందని లాల్‌దర్వాజాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడు ఇక్కడికొచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వానల లెక్కలు, వాగుల దారులు చూసి, వరదను ఊరికి పైనే పట్టి ఉంచి మెల్లగా వదలాలన్నాడు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. కోపాన్నీ ఇలాగే పట్టి ఉంచి వదలాలి. అయితే చెరువులో జాగా ఉంటేనే కొత్త నీరు పడుతుంది. నిండుగా ఉన్నదానికి చిన్న వాన చాలు, గేట్లెత్తాలి.

అలసిన మనిషిని శాంతంగా ఉండమనడం తేలిక. ముందు వాడిలో ఆ జాగా ఉండాలి కదా. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి వీలిస్తూనే, ఆరు గంటలు దాటితే మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఉండాలంది. ఆ అరగంటలోనూ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని రెండో చేత్తో అన్నం కలుపుతాం. అది విశ్రాంతి కింద ఎలా లెక్కకొస్తుంది?

కథ చివర గౌతముడు ఎక్కడెక్కడ ఆలస్యం మంచిదో చెబుతాడు. కోపంలో, గర్వంలో, ద్రోహం తలపెట్టినప్పుడు. బంధువులో, స్నేహితులో, సేవకులో చేసిన తప్పు ఇంకా రుజువు కానప్పుడు. ‘సేవకులు’ అన్నాడంటే ఈ మాట నౌకరుకన్నా ముందు యజమానికి చెప్పినట్టే. జీతం ఆలస్యం చేసే సేఠ్ మాత్రం చిరకారి పేరెత్తకూడదు. కూలి డబ్బులు ఆ జాబితాలో లేవు.

ఇంకొకటి. గౌతముడు వచ్చేసరికి ఆ తల్లి రాయిలా నిలబడి ఉందట. కొడుకు ఆలోచించినంతసేపూ ఆమె ఏం అనుభవించిందో కథ చెప్పదు. ఆలస్యం ఎంత మంచిదైనా ఎదురుచూసేవాళ్లకు అది బరువే. ఫిర్యాదు ఇచ్చి వారాల తరబడి జవాబు కోసం చూసే ఉద్యోగిని అడిగితే తెలుస్తుంది. నిదానించేవాడు ‘ఇప్పుడు కాదు, రేపు పది గంటలకు కూర్చుని మాట్లాడదాం’ అని చెప్పి నిదానించాలి. మూతి బిగించుకుని తిరగడం ఈ లెక్కలోకి రాదు.

ప్రార్థన: అమ్మా, సింహవాహినీ! ఇవాళ నన్ను రెచ్చగొట్టే మాటకు జవాబు రాయాలనిపిస్తే రాయనీ, రేపు పొద్దున దీపం పెట్టి మళ్లీ చదివాకే పంపనీ. మధ్యాహ్నం అన్నం తినేంతసేపైనా ఫోన్‌ను నా చేతికి దూరంగా ఉంచు. నా కింద పనిచేసేవాళ్ల మీద నాకు కోపమొస్తే, వాళ్ల నెత్తిన నిలబడకుండా నన్ను కాసేపు అవతలికి నడిపించు. నా మాట కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఎప్పుడు చెబుతానో ఇవాళే వాళ్లకు చెప్పించు.