మామూలే అన్న మాట

మే నెలలో మా పెదనాన్న శుక్లం ఆపరేషన్ కోసం ఒంగోలు దగ్గర పల్లె నుంచి విజయవాడ వచ్చి మా ఇంట్లో వారం రోజులు ఉన్నారు. ఇల్లు మేడ మీద, నా క్లినిక్ కింద. మధ్యాహ్నం నిద్రపట్టక నల్లద్దాలు పెట్టుకుని మెల్లగా మెట్లు దిగొచ్చి, మందుల బీరువా పక్కన కుర్చీలో కూర్చునేవారు. యాభై ఏళ్లు ఒంగోలు పశువులు పెంచిన మనిషి. కంటికి విశ్రాంతి ఇవ్వమన్నారు కాబట్టి ఆ వారమంతా ఆయన చెవులతోనే లోకం చూశారు.

ఒకరోజు ఒక పగ్ కుక్క గేటు దాటక ముందే, "ఎవరో తడికర్ర కోస్తున్నారేంటమ్మా?" అన్నారు.

ఆటోలోంచి దించిన కుక్క పేరు చిన్నూ, వయసు నాలుగేళ్లు. అపార్ట్‌మెంట్‌లో రెండు గంటలు కరెంటు పోయిందట. నాలుక నేరేడుపండు రంగుకు తిరిగింది. థర్మామీటరులో 107 డిగ్రీలు. కుక్కకు 102న్నర దాటితేనే ఎక్కువ. నేల మీద పడుకోబెట్టి ఒళ్లంతా కుళాయి నీళ్లతో తడిపి, ఫ్యాను దగ్గరికి లాగి, మూతికి ఆక్సిజన్ పెట్టాం. కంగారు తగ్గేందుకు కొద్దిగా మత్తు, ముంజేతి నరంలో సెలైన్. ఒళ్లు 103కి దిగాక తడపడం ఆపేశాం, ఆపకపోతే మరీ చల్లబడిపోతుంది. నలభై నిమిషాలకు నాలుక మళ్లీ గులాబీ రంగుకొచ్చింది. అప్పటిదాకా పెదనాన్న కుర్చీలోంచి కదల్లేదు.

చిన్నూ యజమాని చెమటలు తుడుచుకుంటూ అన్నాడు: "వీడికి గురక చిన్నప్పట్నుంచీ ఉంది మేడమ్. మొదటి టీకాకి తెచ్చినప్పుడే మిమ్మల్ని అడిగాను. పగ్‌లకి మామూలే అన్నారు."

అన్నాను. చాలామందికి అలాగే చెప్పాను.

రాత్రికి చిన్నూను క్లినిక్‌లోనే ఉంచుకున్నాం. షట్టరు సగం దించాక పెదనాన్న అడిగారు. "నువ్వు మామూలే అన్నది దేన్నమ్మా? చప్పుడునా, జబ్బునా?"

"చప్పుడే జబ్బు, పెదనాన్నా. తల ఎముక కురచయింది గానీ లోపలి కండ ఆ మేరకు తగ్గలేదు. రెండు గదుల సామాను ఒక్క గదిలో కుక్కినట్టుంటుంది. ముక్కు రంధ్రాలు చూడండి, వరిగింజ పట్టేంత సందు. అంగిలి వెనక మెత్తటి భాగం పొడుగై గాలి వెళ్లే దారికి అడ్డంగా వేలాడుతుంది. అది అదురుతుంటే వచ్చేదే ఆ చప్పుడు. నలభై రెండు పళ్లు ఆ చిన్న దవడలోనే సర్దుకోవాలి కాబట్టి అడ్డదిడ్డంగా మొలుస్తాయి. కంటిగుంట లోతుండదు, అందుకే మెడపట్టి గట్టిగా గుంజినా కనుగుడ్డు బయటికొచ్చే ప్రమాదం ఉంది. మనకైతే ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు రొప్పడమే చెమట. ఆ రొప్పే దారే దీనికి మూసుకుపోయింది. రొప్పినకొద్దీ గొంతు వాస్తుంది, వాచినకొద్దీ ఇంకా రొప్పుతుంది."

"ఇంత తెలిసీ మామూలే అన్నావా?"

"వచ్చిన పగ్‌లన్నీ అదే చప్పుడు చేస్తాయి. అన్నిట్లోనూ ఉన్నది మామూలు కాక ఏమవుతుంది అనుకున్నాను."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఒక ఏడాది మా ఊళ్లో గాలికుంటు వచ్చింది. దొడ్డిదొడ్డిలో పశువులన్నీ కుంటాయి. కుంటడం మామూలే అని మేమెవరం అనలేదమ్మా" అన్నారు.

ఇన్నేళ్ల చదువులో నాకెవరూ ఇంత సూటిగా చెప్పలేదు. ఎక్కువగా ఉండటం వేరు, సరిగా ఉండటం వేరు. ఈ రెంటినీ మనం ఒకే మాటతో పిలుస్తాం. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఊపిరికి అవస్థ పడుతున్న కుక్కల యజమానుల్ని అడిగితే, 58 శాతం మంది మా కుక్కకు ఊపిరి ఇబ్బందేమీ లేదన్నారు. అబద్ధం ఆడలేదు వాళ్లు. పక్కమీద పడుకోబెట్టుకునేంత ప్రేమ వాళ్లది. ఆ చప్పుడు వాళ్లకు ఇంట్లో గడియారం చప్పుడులాంటిది అయిపోయింది, అంతే. వాళ్ల చెవికి అలవాటైతే నేనేమీ అనను. ఆ అలవాటు మీద ముద్ర వేసిందే నాలాంటి డాక్టరు. నాకు బాధ అక్కడే.

"పుట్టిన దగ్గర్నుంచీ ఉన్నది బాధని దానికి తెలుస్తుందా?" అన్నారు పెదనాన్న. "నిండా ఊపిరి పీల్చి ఎరగని జీవికి, ఏది తక్కువైందో ఎట్లా తెలుస్తుంది?"

దీనికి నేను పుస్తకంలోంచి జవాబు చెప్పలేను, చూసింది చెప్పాను. "ఆపరేషన్ చేసేటప్పుడు కుక్క గొంతులో ఊపిరి గొట్టం వేస్తాం పెదనాన్నా. అయిపోయాక మామూలు కుక్కైతే కాస్త తెలివి రాగానే గుటకవేసి, తల విదిలించి, గొట్టాన్ని నమిలి పారెయ్యబోతుంది. మేం వెంటనే తీసేస్తాం. పగ్ అలా చెయ్యదు. కళ్లు తెరుస్తుంది, తల ఎత్తుతుంది, మనల్ని చూస్తుంది. గొట్టం మాత్రం నోట్లో ఉంచుకుని నిమ్మళంగా పడుకుంటుంది. మేమూ తొందరపడం. ముందే తీస్తే గొంతు మూసుకుపోతుందని పక్కనే కూర్చుంటాం, గడ్డం కింద తువ్వాలు మడిచి పెట్టి. ఒక్కోసారి అరగంట. చప్పుడే ఉండదు. ఆ కుక్క పుట్టాక మొదటిసారి అడ్డం లేని ఊపిరి పీలుస్తోంది, అది వదులుకోవాలని లేదు దానికి. తక్కువైందని దానికి ముందు తెలియకపోవచ్చు. దొరికినప్పుడు మాత్రం తెలుస్తుంది."

ఆయన నల్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

ఈ జాతి మొదట్నుంచీ ఇట్లాగే ఉండేదా అని అడిగారు. లేదు. హోగార్త్ అనే ఇంగ్లండు చిత్రకారుడు 1745లో తన బొమ్మ తానే వేసుకుంటూ పక్కన తన పగ్‌నీ వేశాడు. దానికి మూతి ముందుకే ఉంది, కాళ్లూ పొడుగే. తర్వాత డాగ్ షోలు వచ్చాయి, కురచ మూతికి కప్పులిచ్చారు. మనకైతే 2003లో టీవీలో హచ్ ఫోన్ ప్రకటన వచ్చింది.

"పిల్లాడి వెనకాలే తిరిగే కుక్క! మా మనవడు కావాలని ఏడ్చాడు."

"అదే. ఆ తర్వాతే మన ఊళ్లలో ఇన్ని పగ్‌లు. చల్లటి దేశంలోనే ఊపిరాడని కుక్క, నలభై మూడు డిగ్రీల విజయవాడకొచ్చింది."

"ఎంచుకోవడం తప్పంటే మేమూ తప్పుచేసినవాళ్లమే అమ్మాయ్. నేను గిత్తని నుదురు చూసి, మూపురం చూసి, గంగడోలు చూసి, సుడులు కూడా చూసి ఎంచాను. అందం కోసమే చాలావరకూ."

"కానీ మీ గిత్త బండలాగాలిగా. ఊపిరాడని గిత్తని ఎంత నుదురున్నా ఎవరు ఉంచుకున్నారు? పని ఒక జల్లెడలాగా నిలబడింది మీ ఇష్టానికి, పశువుకి మధ్య. బ్రెజిల్ వాళ్లు మన పశువుల్ని తీసుకెళ్లి నెలోర్ అని మన నెల్లూరు పేరే పెట్టుకుని కోట్లాదిగా పెంచుతున్నారంటే, ఎండకి తట్టుకుని బతికే పశువు కాబట్టి. పగ్‌కి ఆ జల్లెడ లేదు. ముద్దుగా కనిపించడమే దాని పని. గుండ్రటి మొహం, పెద్ద కళ్లు, నొక్కిన ముక్కు. పసిబిడ్డ మొహం అది. మన ఇష్టానికి అడ్డం వచ్చేదేదీ లేకపోయింది."

జవాబు బాగానే చెప్పాననుకున్నాను. ఆయన అక్కడ వదల్లేదు.

"బ్రాయిలర్ కోడి సంగతేంటి మరి? నలభై రోజుల్లో రెండు కిలోలు దాటుతుంది, కాళ్లు మొయ్యవు. దానికి పని అనే జల్లెడుంది, మాంసం. ఆ జల్లెడ దాన్నేం కాపాడింది? ఆదివారం మీ ఇంట్లో వండింది అదేగా. ఈ కుక్క మీద నీకున్న జాలి ఎక్కడిది? దాని మొహంలోంచే కదా? ఏ మొహం దానికి చేటయిందో, ఆ మొహమే నీకు జాలి పుట్టిస్తోంది. కోడికి అట్లాంటి మొహం లేదు పాపం."

నా దగ్గర మాట లేకపోయింది. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. పనికొచ్చేలా ఎంచితే మంచి, అందానికి ఎంచితే చెడు అని నేను గీసిన గీత అక్కడే చెరిగిపోయింది. ఆ జీవి తన ఒంట్లో తాను హాయిగా ఉండగలుగుతోందా అన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది. కుక్కకైనా కోడికైనా అదే. ఆదివారం వంట గురించి ఇంట్లో మాట్లాడటం మొదలుపెట్టాను. తేలలేదు. ఒకచోట తప్పించుకుంటున్నాను కదా అని రెండోచోట కూడా తప్పించుకోవడం మాత్రం న్యాయం కాదనిపించింది.

"ఇంకొకటి" అన్నారాయన. "ముక్కు చప్పిడి కాకుంటే ఈ చిన్నూ పుట్టేదే కాదు. ఆ నెదర్లాండ్సో ఏదో అన్నావే."

నెదర్లాండ్స్ సంగతి మధ్యాహ్నం చెప్పాను. మూతి పొడవు పుర్రె పొడవులో సుమారు మూడోవంతుకి తగ్గిన కుక్కల్ని ఈనించకూడదని వాళ్లు 2019లో నియమం పెట్టారు.

"ఆ లెక్కన చిన్నూ ఉండకూడదనేగా? ఎదురుగా తోక ఊపుతున్నదాన్ని పట్టుకుని నువ్వు పుట్టకుండా ఉండాల్సింది అనగలమా?"

"మన ఇళ్లల్లో మేనరికాలు వద్దంటున్నాం కదా పెదనాన్నా. మేనరికంలో పుట్టిన పిల్లల్ని వద్దన్నట్టా? మన చంటిని ఎవరన్నా ఒక్కమాట అంటే మీరు ఊరుకుంటారా?"

చంటి మా ఇంట్లో మేనరికంలో పుట్టిన, మాట రాని పిల్లాడు. పెదనాన్నకు వాడంటే ప్రాణం. ఆయన గొంతు సవరించుకుని, "సరే" అన్నారు. చిన్నూ బతుకు విలువ వేరు, చిన్నూని కన్న పెంపకం వేరు. ఒకదాన్ని కాపాడుతూ రెండోదాన్ని ఆపమనడంలో వైరుధ్యం లేదు. ఇది ఇద్దరం ఒప్పుకున్నాం.

ఒప్పుకోనిది గురువారం గురించి. గురువారం నాకొక బుల్‌డాగ్ సిజేరియన్ ఉంది. పిల్లల తలలు పెద్దవి, తల్లి కటి ఇరుకు. బ్రిటన్‌లో 2010లో వచ్చిన లెక్క ప్రకారం బుల్‌డాగ్ కాన్పుల్లో 80 శాతానికి పైగా కత్తితోనే.

"ఈనలేని పడ్డను మేం మళ్లీ చూడి కట్టించేవాళ్లం కాదు. అక్కడితో ఆ వంశం ఆగేది. మీరు కోసి తీస్తున్నారు, వచ్చే తరమూ అట్లాగే వస్తుంది. ఆ జాతిని నిలబెడుతున్నది పెంచేవాళ్లు కాదమ్మా, నీ కత్తి."

"నిజమే."

"మరి చెయ్యకు."

"చెయ్యకపోతే గురువారం ఆ తల్లి చచ్చిపోతుంది. రాబోయే తరాల కోసం బల్లమీదున్న దాన్ని చావనివ్వలేను. అదే కోతలో గర్భసంచి కూడా తీసేయనివ్వమని యజమానిని అడుగుతాను. ఎందుకో వివరంగా చెప్తాను."

"ఒప్పుకోకపోతే?"

"అప్పుడూ చేస్తాను. మళ్లీ చూడి కట్టించొద్దని కాగితం మీద రాసి ఇస్తాను."

ఆయన తల అడ్డంగా ఊపారు. నేనూ నా మాట మార్చుకోలేదు. ఈ వ్యాసం రాస్తున్న రోజుకీ మార్చుకోలేదు, కానీ ఆయన తల ఊపిన తీరు మర్చిపోలేదు.

పదిగంటలకి చిన్నూని చూడ్డానికి వెళ్లాం. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్ల పద్ధతిలో, కుక్క గొంతు దగ్గర స్టెతస్కోప్ పెట్టి విని, మూడు నిమిషాలు జోరుగా నడిపించి, మళ్లీ విని, సున్నా నుంచి మూడు దాకా దశ వేస్తారు. ఇప్పుడు చిన్నూని నడిపించే ప్రశ్నే లేదు. విశ్రాంతిగా ఉండగా వినొచ్చు. స్టెతస్కోప్ పెదనాన్న చెవులకి పెట్టాను. విని మొహం చిట్లించి, "లోపల ఎవరో గుడ్డ చింపుతున్నారు" అన్నారు.

గేటు దగ్గర మేం అన్నం పెట్టే వీధికుక్క నల్లది పడుకునుంది. దాని దగ్గరికి తీసుకెళ్లమన్నారు. పొడుగు మూతి, సన్నటి ఒళ్లు, మేనెల ఎండంతా అది వీధిలోనే గడుపుతుంది. గొంతు మీద బిళ్ల ఆనించాను.

"ఏం వినపడట్లేదే. సరిగా పెట్టావా?"

"పెట్టాను. అంతే వినపడాలి. గాలి పోతున్న చప్పుడు, సన్నగా."

ఆయన ఊపిరి బిగబట్టి మళ్లీ విన్నారు. "ఆ... వస్తోంది." చాలాసేపు తియ్యలేదు. తీశాక అన్నారు. "రేపు పొద్దున ఆయనొచ్చాక ఇది ఆయన చెవిలో పెట్టు. ముందు దీన్ని వినిపించు. తర్వాత వాళ్లదాన్ని."

పొద్దున ఎనిమిదింటికి ఆయనొచ్చాడు. ముందు, మామూలే అని నేను చెప్పింది తప్పని చెప్పాను. తర్వాత పెదనాన్న చెప్పినట్టే చేశాను. మెడపట్టీ తీసేసి ఛాతీ పట్టీ వెయ్యమనీ, రెండు కిలోలు బరువు తగ్గించాలనీ, ఎండ తగ్గేదాకా తెల్లారకముందే నడిపించమనీ, మొహం మడతలు తడిలేకుండా తుడవమనీ చెప్పాల్సినవి నా నోట్లోనే ఉన్నాయి. ఆయన నల్లదాని దగ్గర గొంతుకూర్చుని విన్నాడు, లోపలికొచ్చి చిన్నూని విన్నాడు. చెవుల్లోంచి గొట్టాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"నాలుగేళ్లుగా ఇట్లాగేనా?" అన్నాడు.

"అవునండి."

చిన్నూ తోక ఊపుతూ ఆయన కాళ్ల మధ్య దూరింది. ఆయన వంగి దాని వీపు మీద చెయ్యి పెట్టి, "ఆపరేషన్ అంటే ఏం చేస్తారు? ముందు ముక్కా, అంగిలా?" అని అడిగాడు.