నాటకశాలయు, వాకిటి యాచకుడును

పరుల దుఃఖమును రంగస్థలముమీద చూచుటకు మనము టిక్కెట్టు కొనుక్కొని పోవుదుము. కన్నీరు కార్చి, మంచి నాటకము చూచితిమను సంతోషముతో ఇంటికి వచ్చెదము. ఇందులో ఏదో వింత యున్నదని ప్రాచీనులకే తోచినది. మన ఆలంకారికులు చెప్పిన సమాధానము చదువరు లెఱిగినదే. రంగముమీది శోకము ఫలానావాని శోకముగా నుండక సాధారణీకృతమగును. అది నాది కాదు, పరునిదియు కాదు. కావుననే దాని నాస్వాదింపగలుగుదుము. భట్టనాయకుడు చూపిన యీ మార్గమును అభినవగుప్తుడు సంస్కరించి గ్రహించెను. భవభూతి మఱియొక యడుగు ముందునకు వేసి, కరుణమే మూలమనియు తక్కిన రసములు దాని రూపభేదములనియు తన పాత్రచేత పలికించెను.

ఈ సిద్ధాంతము నాకు గౌరవపాత్రమే. కాని యిందులో ఒక సౌకర్యము దాగియున్నది. ఉత్తరరామచరితమున విలపించు రాముడు త్రేతాయుగమువాడు. నాటకము ముగిసి మనము బయటికి వచ్చునప్పు డాయన వాకిట నిలిచి మన చేయి పట్టుకొనడు. ఆలంబనవిభావము యుగముల దూరమున నున్నంతకాలము రసాస్వాదము నిరపాయము. ఆ యాలంబనమే నాటకశాల మెట్లక్రింద, చినిగిన కోటుతో, చేయి చాచి నిలిచియున్నచో నేమి చెప్పవలెను? లోపల వాని శోకము నాస్వాదించి, బయట వానిని దాటిపోవువానిని సహృదయు డనవచ్చునా?

ఇది ఊహామాత్రమైన ప్రశ్న కాదు. 1932 శరత్కాలమున న్యూయార్కు నగరపు బ్రాడ్వే నాటకశాలలకు పోయినవారికి ప్రతిరాత్రియు ఎదురైన ప్రశ్న. దానికి ఒక పాటల రచయిత తన పాటలోనే యిచ్చిన సమాధానమును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిని.

1929 అక్టోబరులో అమెరికా వాటాల బజారు కూలినది. తరువాతి మూడునాలుగేండ్లలో వేలకొలది బ్యాంకులు మూతపడినవి. 1933 నాటికి పనిచేయగల నలుగురిలో ఒకరికి పని లేకపోయినది. పట్టణములలో ధర్మసంస్థలు పంచు రొట్టెకొఱకు జనులు వరుసలు కట్టి నిలిచిరి. ఆ వరుసలలో నున్నవారు పుట్టుబిచ్చగాండ్రు కారు. తాపీపనివారు, గుమాస్తాలు, చిన్న వర్తకులు, యుద్ధమునుండి తిరిగివచ్చిన సిపాయిలు. నిన్నటివఱకు జీతము తెచ్చి యింట నిచ్చినవాడు నేడు రొట్టెముక్కకు నిలుచున్నాడు. ఇది దారిద్ర్యముకంటె వేఱైన దుఃఖము.

బ్రాడ్వేలో ఆనాడు మిక్కిలి వ్యాప్తిలో నున్న వినోదములలో 'రెవ్యూ' ఒకటి. దీనికి నాటకమువలె ఆద్యంతములుగల కథ యుండదు. హాస్యపు తునుకలు, నృత్యములు, పాటలు, నాటి పెద్దమనుష్యుల నెగతాళి, సుందరీమణుల వేషములు, ఇవన్నియు ఒకదానివెనుక నొకటి వచ్చిపోవును. జీగ్‌ఫెల్డ్ 'ఫాలీసు' మొదలగువానిచే దీనికి మోజు హెచ్చినది. దీనిని తక్కువజాతి కళ యని పండితులు త్రోసివేయవచ్చును. నేనును దీనిని శాకుంతలము ప్రక్కన పెట్టుమనుట లేదు. కాని కథ లేకపోవుటలో ఒక గుణ మున్నది. కథగల నాటకములో శోకము వచ్చుచున్నదని ప్రేక్షకునికి ముందే తెలియును. మనసు సిద్ధపఱచుకొనును, చేతిరుమాలు తీసికొనును. రెవ్యూలో రెండు పరిహాసముల నడుమ ఒక గొంతు హఠాత్తుగా వచ్చి గుండెమీద తట్టవచ్చును. తప్పించుకొనుటకు వ్యవధి యుండదు.

అట్లు తట్టిన పాట వ్రాసినవాడు యిప్ హార్‌బర్గ్. 1896లో న్యూయార్కులోని లోయర్ ఈస్ట్ సైడ్ పేటలో పుట్టెను. తలిదండ్రులు రష్యానుండి వలసవచ్చిన యూదులు. బట్టలు కుట్టు కార్ఖానాలలో కష్టించినవారు. బడిలో ఐరా గెర్ష్విన్ వీని సహపాఠి. పేర్ల అక్షరక్రమమున ఇద్దఱును ఒకరిప్రక్క నొకరు కూర్చుండిరట! బడులలో మేము పెట్టు వరుసలకు ఇట్టి ఫలము గూడ కలుగునని యెవరనుకొందురు? గిల్బర్టు హాస్యపద్యములమీది ప్రీతి వారిని స్నేహితులను జేసినది. ఐరా పాటల రచయితయై పేరుగాంచెను. హార్‌బర్గ్ మాత్రము విద్యుత్సామగ్రి వ్యాపారములో దిగెను. 1929 పతనములో ఆ వ్యాపారము పోయినది, ఋణము మిగిలినది. ఆ నష్టము తనకు విడుదలయే యయ్యెనని అతడు తరువాత చెప్పుకొన్నాడు. ఐరా ధైర్యము చెప్పి, కొంత ధన మిచ్చి, సంగీతకర్త జే గోర్నీతో పరిచయము చేయించెను. ఈ విధముగా హార్‌బర్గ్ రెవ్యూలకు పాటలు వ్రాయుటకు దిగినది వ్యసనముచేత గాదు, కూటికొఱకే.

గోర్నీ రష్యాసామ్రాజ్యములోని బ్యలిస్టాక్ పట్టణమున పుట్టినవాడు. 1906లో అచ్చట యూదులపై జరిగిన హత్యాకాండ తరువాత అతని కుటుంబము అమెరికా చేరెను. చిన్ననాట విన్న యొక జోలపాట వరుస అతని మనసున నిలిచియుండెను. విషాదచ్ఛాయగల ఆ వరుసకు హార్‌బర్గ్ మాటలు కూర్చెను. వీధిలో పలుమాఱు వినబడుచుండిన యాచనావాక్యమునే పల్లవిగా గ్రహించెను. 1932 అక్టోబరు 5వ తేదీన 'అమెరికానా' అను రెవ్యూలో రెక్స్ వెబర్ అను నటుడు దానిని పాడెను. పేరు 'బ్రదర్, కెన్ యూ స్పేర్ ఎ డైమ్'. డైము అనగా డాలరులో పదవవంతు నాణెము.

పాటలోనివాడు రొట్టెవరుసలో నిలిచియున్నాడు. అతడు తన యాకలిని వర్ణింపడు, బిడ్డలను చూపడు, దేవుని పేరు చెప్పి దీవింపడు. తాను రైలుబాట వేసినవాడు, ఆకాశమునంటు మేడ కట్టినవాడు, దేశము పిలువగా యూనిఫారము తొడిగి యుద్ధమునకు నడచినవాడు. ఆ పనులన్నియు ముగిసినవి. రైలు పరుగెత్తుచున్నది, మేడ నిలిచియున్నది. కట్టినవాడు మాత్రము వీధిలో నేల యున్నాడో వానికే తెలియదు. కోపము కంటె దిగ్భ్రమయే యెక్కువ. యాచన పాట పొడుగునను వచ్చుచునే యుండును; కాని ఆ యాచన క్రింద మఱియొక ప్రశ్న నిలిచియున్నది: నా భాగ మెక్కడ?

ఇక్కడ ఒక చరిత్రాంశమును జ్ఞప్తి చేయవలసియున్నది. మొదటి ప్రపంచయుద్ధములో పోరాడినవారికి అమెరికా ప్రభుత్వము 1924లో ఒక శాసనముచేత అదనపు భత్యము వాగ్దానము చేసెను; కాని చాలమందికి అది ముట్టవలసినది 1945లో. పని లేక మాడిన సిపాయిలు వేలకొలదిగా 1932లో వాషింగ్టను చేరి, ఆ సొమ్మును ముందుగా నిమ్మని కోరుచు గుడిసెలు వేసికొని కూర్చుండిరి. జూలై 28న సైన్యము మాకార్థరు నాయకత్వమున వారిని వెడలగొట్టి, గుడిసెలు కాల్చివేసెను. హార్‌బర్గ్ పాట ప్రజలు విన్నది అటుపిమ్మట పదివారములకు లోపలనే. యూనిఫారము మాట వచ్చినప్పుడు ప్రేక్షకులకు ఆ పొగవాసన తగులకుండునా?

మనము విచారింపవలసిన ధర్మసూక్ష్మ మిదియే. దానము చేయువాడు పుచ్చుకొనువానికంటె నొక మెట్టు పైన నిలుచును. దానములోని సుఖము చాలవఱకు ఆ మెట్టుదే. ఎట్లు ఈయవలెనో చెప్పుచు తైత్తిరీయోపనిషత్తు శ్రద్ధతోపాటు సిగ్గును గూడ పేర్కొన్నది. ఆ సిగ్గు నెందఱు దాతలయందు చూచితిమి? మన సుభాషితకారులు యాచకుని లఘుత్వమును వర్ణించుటలో పోటీపడిరి గాని దాత యెట్లు బరువెక్కునో చెప్పినవారు తక్కువ. మన వీధులలో యాచకుడు 'అయ్యా', 'బాబూ', 'తల్లీ' యనును. ఆ సంబోధనమే దాతను పీటమీద కూర్చుండబెట్టును. హార్‌బర్గ్ పాటలోనివాడు మొదట 'సోదరా' యనును. చివర ఆ మాటయు విడిచి, పాత నేస్తమును పలుకరించు చనువుమాట వేసి, పరిచయమును గుర్తు చేయును. అన్నదమ్ముల నడుమ దానము లేదు, పంపకమే యున్నది. పాట విన్న ధనికునికి పదిసెంట్లిచ్చి పుణ్యము గట్టుకొను దారి అక్కడనే మూసికొనిపోయినది. ఈయవచ్చును, ఇచ్చినను ప్రశ్న తీఱదు.

స్టడ్స్ టెర్కెల్ ఆనాటివారి జ్ఞాపకములను కూర్చి 1970లో ప్రకటించిన 'హార్డ్ టైమ్స్' గ్రంథములో హార్‌బర్గ్ ఈ పాటనుగూర్చి మాటలాడినాడు. ఆ మనుష్యుని దీనునిగా గాక, తాను పెట్టిన పెట్టుబడికి లాభ మేదని అడుగు ఆత్మగౌరవముగల వానిగా చూపదలచితి నని దాని తాత్పర్యము. వ్యాపారములో చితికినవాడు గనుక పెట్టుబడి యను భావము వానికి సహజముగనే తట్టియుండును.

దీనిమీద ఆక్షేపణ లేకపోలేదు. లేమిని అమ్ముకొని రచయితయు, నాటకశాలవాడును సొమ్ము చేసికొనలేదా? చేసికొనిరి. అదియుగాక, ఆ డిసెంబరు 7వ తేదీననే 'వాక్ ఎ లిటిల్ ఫాస్టర్' అను మఱియొక రెవ్యూ వచ్చినది. అందులో ఇదే హార్‌బర్గ్, వెర్నన్ డ్యూక్ సంగీతమునకు, పారిసు నగరపు వసంతమునుగూర్చి సుకుమారమైన పాట వ్రాసెను. రెండు నెలలలో రొట్టెవరుసనుండి పూలబాటకు! కపటమని కొంద ఱందురు. నే నట్లనుకొనను. ఋణగ్రస్తుడైనవాడు కూటికొఱకు పది పాటలు వ్రాయును. పదింటిలో ఒకదానిలోనైన నిజము చెప్పెనా, ఆ నిజమును టిక్కెట్టు కొన్నవానికి తీపిచేయక చెప్పెనా యన్నదే నాకు గీటురాయి. దారిద్ర్యమును కన్నీటిలో ముంచి మధురముగా నమ్మువాడు నా దృష్టిలో ఎక్కువ దోషి. కన్నీరు కార్చిన ప్రేక్షకుడు తన వంతు తీర్చితిననుకొని నిద్రపోవును. ఈ పాట అట్టి నిద్ర కవకాశ మీయలేదు.

'అమెరికానా' 77 ప్రదర్శనములతో ముగిసిపోయినది. పాట మాత్రము బింగ్ క్రాస్బీ, రూడీ వాలీ గొంతులతో గ్రామఫోను రికార్డులకెక్కి దేశమంతట మ్రోగెను. అది యెన్నికల సంవత్సరము. రిపబ్లికనులు కలవరపడిరనియు, రేడియోలో పాటను అడ్డుకొన ప్రయత్నములు జరిగెననియు హార్‌బర్గ్ చెప్పియున్నాడు. ఒక పాట ప్రభుత్వములను మార్చునని నేను నమ్మను. కాని జోలపాట వరుసకు భయపడువా రున్నారనుట గమనింపదగినదే.

మఱుసటి యేడు, 1933లో, ఇర్వింగ్ బెర్లిన్ 'యాజ్ థౌజండ్స్ చియర్' అను రెవ్యూను వార్తాపత్రికల శీర్షికల క్రమములో నడిపించెను. నవ్వులాటల నడుమ ఈథల్ వాటర్సు అను నీగ్రో గాయని యొక పాట పాడెను: తెల్లవారి మూక భర్తను చంపివేసినది, బిడ్డలకు అన్నము పెట్టు వేళయైనది, ఏమని చెప్పవలెనో తల్లికి తోచకున్నది. విందు నడుమ శవమును తెచ్చినట్లే. తోడి నటులు ఆమెతో కలిసి ప్రేక్షకులకు నమస్కరింపనొల్లకపోగా, అట్లైన నమస్కారమే వలదని బెర్లిన్ అనెనట. లోపలి పాటకును బయటి నడతకును ఎంత దూరమో యీ ముచ్చట చెప్పుచున్నది.

ఇక కడపటి యాక్షేపణ. దుఃఖించువాని బదులు మఱియొక డేల పాడవలెను? వాడే పాడరాదా? 1937 నవంబరులో అదియు జరిగినది. స్త్రీల బట్టలు కుట్టు కార్మికుల సంఘమువారు ఒక చిన్న నాటకశాలను పట్టి 'పిన్స్ అండ్ నీడిల్స్' అను రెవ్యూ ఆడిరి. పాటలు హెరాల్డ్ రోమ్ వ్రాసెను. ఆడినవారు కత్తెరలు, కుట్టుయంత్రములు పట్టువారే. పగలు పని యుండుటచే మొదట వారాంతములందే ఆడిరి. జనులు విరగబడి వచ్చిరి. 1,100లకు పైగా ప్రదర్శనములు నడచినవి. 1938లో అధ్యక్షుని భవనములోను ఆడిరి. ఆలంబనమే వాకిలి దాటి రంగమెక్కినదన్నమాట! విచిత్రమేమనగా వారు ఏడ్వలేదు. యజమానులను, రాజకీయులను, తమ్ము దాము గూడ వెక్కిరించి నవ్వించిరి. తన దుఃఖమును తానే పాడుకొనువానికి కరుణరసముతో అంత పని లేదు కాబోలు. కరుణము చూచువానికే కావలెను. ఐనను ప్రదర్శనములు పెరిగినకొలది వారికి యంత్రములు విడువవలసివచ్చి నటులే యైరి. అప్పుడు వారు పాడినది తమ బ్రతుకా, వెనుక మిగిలినవారి బ్రతుకా? ఈ చిక్కు విప్పుట నాకు సాధ్యము కాలేదు. ఎవరు పాడినను, పాడబడువాడు వినువానికి సముడుగా కనబడెనా యన్నదానిమీదనే నేను నిలుచుచున్నాను.

హార్‌బర్గ్ తరువాత సినిమాలకు పోయి 1939లో 'విజర్డ్ ఆఫ్ ఓజ్'కు పాటలు వ్రాసి లోకప్రసిద్ధుడయ్యెను. 1950 ప్రాంతమున, కమ్యూనిస్టులన్న యనుమానముతో రచయితలను వేటాడిన కాలములో, చిత్రములలోను, రేడియోలోను, టెలివిజనులోను వానికి పని లేకుండ జేసిరి. తాను కమ్యూనిస్టుపార్టీలో చేరినవాడు కాడు. అన్ని తలుపులును మూసికొన్న యా దినములలో వానిని పిలిచి పని యిచ్చినవి బ్రాడ్వే నాటకశాలలే.