పని పోయినా హక్కు పోదు



ఉద్యోగం నుండి తొలగించేటప్పుడు యాజమాన్యం ఒక కాగితం ముందుపెట్టి సంతకం చేయమంటుంది. అడిగితే ఆశపోతంటారేమోనని సిగ్గుతో, భయంతో చాలామంది ఇచ్చింది పుచ్చుకొని వచ్చేస్తారు. అదే వినయమనుకుంటారు.

అది వినయం కాదు. ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం చదవండి. ఆరేండ్లు సేవచేసిన దాసుని విడిచిపెట్టేటప్పుడు మందనుండి, కళ్లంనుండి, ద్రాక్షగానుగనుండి యజమాని ధారాళంగా ఇవ్వాలని దేవుడే ఆజ్ఞాపించాడు. అది భిక్ష కాదు, న్యాయం. గత్యంతరం లేక, భయపడి కార్మికుడు కఠినమైన షరతులకు ఒప్పుకుంటే అతడు అన్యాయానికి బలైనట్లేనని 13వ లియో పోపుగారు 1891లో బోధించారు.

మన దేశంలో ఏడాదైనా నిండిన కార్మికుణ్ణి తగ్గింపు పేరిట తొలగిస్తే ఒక నెల నోటీసు లేదా ఆ నెల జీతం, పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలని 1947 నాటి చట్టం చెప్పింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా దానిని నిలిపింది. రావలసిన గ్రాట్యుటీ, పి.ఎఫ్. వేరు.

కనుక వెంటనే సంతకం చేయకండి. కాగితం ఇంటికి తెచ్చి భార్యాభర్తలు కలిసి చదవండి. తెలిసినవారిని సంప్రదించండి. అబద్ధమాడకుండా, మర్యాద తప్పకుండా, గట్టిగా అడగండి.

మరొక మాట. మీ ఇంటి పనిమనిషిని మాన్పించే రోజున కూడా ఈ అధ్యాయాన్నే గుర్తుచేసుకోండి.